ఆలన్ ట్యూరింగు

మన పార్వతీపురమున కొంతకాలము కొలువుచేసిన యొక దొరగారి కుమారుడు లోకప్రసిద్ధుడగు గణితవేత్త యయ్యెనని మన విద్యార్థులలో ననేకు లెరుగరు. వారికొరకు ఆయన చరిత్రము నిచ్చట సంగ్రహముగ వ్రాయుచున్నాము.

ఆలన్ తండ్రి జూలియస్ ట్యూరింగు 1896లో మద్రాసు రాజధానికి వచ్చిన ఐ.సి.యస్. ఉద్యోగి. తల్లి ఎతెల్ సారా, మద్రాసు రైల్వేలో ప్రధాన ఇంజనీరగు స్టోనీగారి కుమార్తె. 1908లో పెద్దకుమారుడు జాన్ కూనూరున జన్మించిన పిమ్మట వీరు ఉద్యోగరీత్యా పార్వతీపురము, విశాఖపట్టణము, అనంతపురము, బెజవాడ, శ్రీకాకుళము, కర్నూలు మొదలగు చోట్ల నివసించి, 1911లో గంజాము జిల్లాలోని ఛత్రపురము చేరిరి. 1912 జూన్ 23వ తేదీని ఆలన్ లండనులో జన్మించెను. మరుసటి యేడు తల్లి ఇండియాకు మరలివచ్చుచు, అన్నదమ్ము లిరువురను ఇంగ్లండులో నొక విశ్రాంత సైనికాధికారి యింట విడిచెను. ఇట్లు ఆలన్ బాల్యము చాలవరకు పరుల యింట గడచెను.

1926లో షెర్బర్ను పాఠశాలలో చేరవలసిన దినములలో సమ్మెవలన రైళ్లు నిలిచిపోయెను. పదమూడేండ్ల యా బాలుడు సుమారు 60 మైళ్లు సైకిలుపై పోయి బడి చేరెను. పిదప కేంబ్రిడ్జిలో చదివి, 1936లో వ్రాతపూర్వకమైన ఆజ్ఞలను వరుసగా నెరవేర్చు నొక యంత్రమును ఊహించి వ్యాసము వ్రాసెను. నేటి కంప్యూటరు శాస్త్రమునకు అది పునాదులలో నొకటి. 1939లో యుద్ధము రాగా, బ్లెచ్లీ పార్కులో అనేకులతో కలసి జర్మనుల రహస్యలిపిని ఛేదించుటలో ముఖ్యుడయ్యెను. 1945లో కంప్యూటరు నిర్మాణమునకు ప్రణాళిక వ్రాయుచు, తరచు కావలసిన ఆజ్ఞలను ఒక్కసారి వ్రాసి భద్రపరచి, అవసరమైనప్పుడెల్ల పిలిచి వాడుకొనవచ్చునని చూపెను.

మా వంటి ఉపాధ్యాయులకు మిక్కిలి ప్రియమైనది 1949 జూన్‌లో కేంబ్రిడ్జి సభయందు ఆయన సమర్పించిన చిన్న వ్యాసము. పెద్ద ప్రోగ్రాము సరియైనదని యెట్లు తెలియును? ఆయన కూడికను దృష్టాంతముగ గైకొనెను. మొత్తము మాత్రమే వ్రాసినచో, సరిచూచువాడు లెక్కనంతయు మరల చేయవలెను. ప్రతి వరుసలో చేతికి వచ్చిన అంకెను గూడ వ్రాసియుంచినచో, ఒక్కొక్క వరుసను విడివిడిగా సరిచూడవచ్చును. 58, 67, 49 కూడునపుడు ఒకట్ల మొత్తము 24. చేతికి 2 అని వ్రాసినచో, పదుల వరుసను వేరొకడైనను చూడగలడు. అట్లే ప్రోగ్రాము వ్రాయువాడు అక్కడక్కడ, ఈ స్థానమున ఇది నిజమై యుండవలెనని నిశ్చయవాక్యములు వ్రాయవలెననియు, పని యెప్పటికైన ముగియునని గూడ చూపవలెననియు ఆయన బోధించెను. ఈ వాక్యములనే నేడు అసర్షనులందురు.

ఆ వ్యాసము చాలకాలము మరుగున బడియుండెను. 1967లో అమెరికాలో రాబర్టు ఫ్లాయిడు ఇట్టి పద్ధతినే విపులముగ ప్రకటించెను. ట్యూరింగు చెప్పినది మనుష్యుడు కాగితముపై సరిచూచు విధము. నేడు ప్రోగ్రామును నడిపి యంత్రమే సరిచూచుచున్నది. రెండు విలువలు సమానములా, పట్టిక ఖాళీగా నున్నదా యను పరీక్షలను ఎవరికి వారు క్రొత్తగా వ్రాసినచో, పరీక్షయందే తప్పు దొర్లవచ్చును. కావున వానిని ఒక్కసారి శ్రద్ధగా వ్రాసి, సరిచూచి, లైబ్రరీగా నుంచి, వేలకొలది ప్రోగ్రాములలో వాడుచున్నారు. మన సంతలో ముద్రవేసిన తూనికరాయి యొక్కటే చింతపండును తూచును, పసుపును తూచును. రాయి తప్పైనచో సంతయంతయు తప్పగును; గనుక రాయినే ముందు పరీక్షింపవలెను.

ఆయన అంత్యదినములు దుఃఖకరములు. 1952లో మరియొక పురుషునితోడి సంబంధమునుబట్టి నాటి ఇంగ్లీషు చట్టము ఆయనను నేరస్థునిగ నెంచి, చెరకు బదులు హార్మోను చికిత్సకు లోబరచెను. 1954 జూన్ 7వ తేదీని 41 యేండ్ల ప్రాయమున సయనైడు విషముచే మరణించెను. విచారణాధికారి ఆత్మహత్యయని తీర్మానించెను. 2009లో బ్రిటిషు ప్రధానమంత్రి ప్రభుత్వము పక్షమున క్షమాపణ చెప్పెను. 2013లో రాజక్షమాభిక్ష ప్రకటింపబడెను. తన తీర్పును తాను మరల సరిచూచుకొనుటకు ఒక దేశమునకు అర్ధశతాబ్దికి పైగా పట్టెను. తీర్పు తీర్చుటకు తొందరపడు మన కందరకును ఇది హెచ్చరిక యని మేము తలంచుచున్నాము.

విద్యార్థులారా! చేతికి వచ్చిన అంకెను చెరిపివేయకుడు. మీ పనిని ఇతరులు సరిచూచునట్లు వ్రాయుడు. తప్పు బయటపడినప్పుడు సిగ్గుపడక దిద్దుకొనుడు.