పండితరాయలు - లవంగి

గోదావరి సముద్రమును చేరుటకు ముందు చీలిన పాయల నడుమ నున్న లంకభూమి కోనసీమ. అందు పి. గన్నవరమునకు చేరువను ముంగండ యను అగ్రహారము కలదు. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో ముగిసి కాలువలు సాగిన పిమ్మటనే ఆ సీమ నేడు మనము చూచుచున్న రూపమును దాల్చినది. అంతకు రెండు వందల ఏండ్లకు పూర్వము అచటి పండిత కుటుంబములకు వరదలో కొట్టుకొనిపోని ఆస్తి విద్య యొక్కటియే. విద్య ముదిరినవాడు కాశికి పోవుట ఆనాటి ఆచారము. పోయినవారిలో కొందరు తిరిగి వచ్చిరి; కొందరు రాలేదు. రానివారిలో ప్రథమగణ్యుడు జగన్నాథ పండితరాయలు.

ఆయనను గూర్చి తెలుగునాట రెండు సంగతులు వాడుకలో నున్నవి. ఢిల్లీ పాదుషాచేత పండితరాజ బిరుదమును పొందెననుట యొకటి; లవంగి యను తురకకన్యను చేపట్టెననుట రెండవది. రసగంగాధరమును ఆమూలాగ్రముగా చదివినవారు ఏ కాలమునందైనను వ్రేళ్లమీద లెక్కింపదగినవారే. లవంగి కథ మాత్రము అక్షరము రానివారికిని తెలియును. ఒక మహాపండితుని బ్రతుకులో ఆయన వ్రాసిన గ్రంథములకంటె ఆయన చేసికొన్న పెండ్లి పెద్దదై కూర్చున్నది. అందుచేత ఆ పెండ్లిని గూర్చి కొంచెము నిదానముగా ఆలోచింపవలసి యున్నది.

జగన్నాథుని తండ్రి పేరుభట్టు, తల్లి లక్ష్మి. వేగినాటి బ్రాహ్మణులు, ఉపద్రష్ట వారని పరంపరగా చెప్పుదురు. పేరుభట్టు కాశిలో జ్ఞానేంద్రభిక్షువుకడ వేదాంతమును, మహేంద్రునికడ న్యాయవైశేషికములను, ఖండదేవునికడ మీమాంసను, శేషవంశపు వీరేశ్వరునికడ వ్యాకరణమును చదివెను. ఈ గురువుల పట్టిక కట్టుకథ కాదు. రసగంగాధరము మొదట జగన్నాథుడే తండ్రిని స్తుతించుచు వీరిని పేర్కొనెను. కొడుకు విద్యలన్నియు తండ్రికడనే నేర్చెను; వ్యాకరణమున మాత్రము వీరేశ్వరుని గూడ ఆశ్రయించెను. ఈ శేషవారి పేరును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో ముందు పని యున్నది. జగన్నాథుడు తెలుగున వ్రాసినట్లు ఆధారము లేదు. అయినను తాను తైలంగుడనని సంస్కృతముననే చాటుకొన్నవాడు.

షాజహాను 1628లో సింహాసన మెక్కెను. నూర్జహాను అన్నయు, ముంతాజుమహలు తండ్రియు నగు ఆసఫ్ ఖాను ఆ రాజ్యమున పాదుషా తరువాత పాదుషా వంటివాడు. ఆయన 1641లో మరణించెను. జగన్నాథుని ఆసఫవిలాసము ఆయనను గూర్చినదే. కనుక మన కవి ఆ కొలువున ఎంత యెత్తున నుండెనో ఊహించుకొనవచ్చును. పారసీక చరిత్రకారులు జగన్నాథుడను గాయకుని పాదుషా వెండితో తూచి సత్కరించెనని వ్రాసిరి. ఆ గాయకుడును మన పండితరాయలును ఒక్కరే యని కొందరందురు, వేరని కొందరందురు. తన పడుచుదనమంతయు ఢిల్లీశ్వరుని చేతి నీడను గడచినదని భామినీవిలాసమున ఆయనయే చెప్పుకొనెను. అది చాలును.

ఇక లవంగి. కథ యిట్లున్నది. పాదుషాయు పండితుడును చదరంగ మాడుచుండిరి. పాదుషాకు దాహమయ్యెను. ఒక కన్య కడవ నెత్తిన పెట్టుకొని వచ్చెను. ఆమెను వర్ణింపుమని పాదుషా కోరగా పండితుడు ఆశువుగా పద్యము చెప్పెను. మెచ్చిన ప్రభువు ఏమి కావలెనో కోరుకొమ్మనెను. ఏనుగులు వలదు, గుఱ్ఱములు వలదు, ధనము వలదు, ఈ పిల్ల చాలునని కవి బదులు చెప్పెను. ఆమె అంతఃపుర దాసి కూతురని కొందరు, పాదుషాకే కూతురి వరుస యని కొందరు కథను పెంచిరి. కథకునికి ఊరును బట్టి ధైర్యము పెరుగును గదా.

ఈ కథలో విశేష మేమనగా, పెండ్లికి అనుమతి నిచ్చినవాడు ఒక్క పాదుషాయే. కన్యాదాత లేడు, అగ్నిసాక్షి లేదు, పురోహితుడు లేడు, ఇరువైపుల బంధువులు లేరు. మన స్మృతులు చెప్పిన ఎనిమిది వివాహములలో దీనికి చోటు వెదకినచో గాంధర్వము దగ్గర ఆగవలసి వచ్చును. గాంధర్వము క్షత్రియులకు చెల్లును. దుష్యంతుడు చేసికొన్నాడు, ఎవ్వరును ఆయనను పంక్తినుండి లేపలేదు. రుక్మిణి చేసిన ఏర్పాటు ఇంకను గొప్పది. బ్రాహ్మణుని చేత సందేశమంపుట, నగరము వెలుపల గౌరీపూజకు పోవుట, గుడినుండి వెలువడు వేళకు రథము సిద్ధముగా నుండుట, ఇవన్నియు ఆమె ముందుగా ఆలోచించి పెట్టినవే. బమ్మెర పోతన చేతిలో ఆ కథను చదువని తెలుగు విద్యార్థి లేడు. కాని అందు బ్రాహ్మణుడు దూత. ఇచట బ్రాహ్మణుడే వరుడు. అగ్నిద్యోతనుడు చేసిన పనికి మనము చేతులెత్తి మ్రొక్కుదుము. అగ్నిద్యోతనుడే ఒక కన్యను రథ మెక్కించుకొని పోయినచో ఏమందుము? ఢిల్లీ కొలువులో వరముగా పొందిన కన్య కాశి వీథులలో లేవదీసికొని వచ్చిన కన్య యయ్యెను. చేసిన పని యొక్కటియే. మారినది చూచువారి కన్ను.

కొలువు ఉన్నంతవరకు ఆ కన్నుతో పని లేదు. 1657లో షాజహాను జబ్బుపడెను. కొడుకులు నలుగురు కత్తులు దూసిరి. ఉపనిషత్తులను పారసీకములోనికి మార్పించిన దారా షికో 1658లో సమూగఢమున ఓడి, పంజాబు, సింధుల మీదుగా, కచ్ఛపు ఉప్పునేలలగుండ గుజరాతు చేరెను. అజమీరు దగ్గర మరల ఓడి, భార్య నాదిరా బానుతో ఆ యెడారి దారులనే వెనుకకు తరలెను. ఆమె 1659లో ఆ దారిలోనే కన్నుమూసెను. ఆమె కళేబరమును లాహోరునకు పంపి, మిగిలిన కొద్ది పరివారముతో చిక్కిన దారా, ఆ యేడే ఆగస్టులో ఢిల్లీలో వధింపబడెను. సంస్కృత పండితులకు ఆ రాజ్యమున నీడనిచ్చిన చెట్టు కూలినది. జగన్నాథుడు జగదాభరణమున స్తుతించిన ప్రభువు ఈ దారాయే యని కొందరి మతము. ఉదయపురపు రాణా జగత్సింహుడని మరికొందరి మతము. కామరూపపు ప్రాణనారాయణుని స్తుతించిన ప్రాణాభరణమును దీనిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో నవ్వు వచ్చును. పేరు మార్చుకొన్న ఒకే కావ్యము! ఆశ్రయము వెదకుకొను కవికి పద్యమొక్కటియే పెట్టుబడి. దానిని రెండుచోట్ల మదుపు పెట్టుట తప్పని అనలేము. ఆరావళి కొండల ఎండిన నేలనుండి బ్రహ్మపుత్ర తడినేలవరకు ఆయన పేరు వినబడుచున్నది. ముంగండ దారి మాత్రము ఎచటను కనబడదు.

కాశిలో ఆయనకు ఎదురైనవారు భట్టోజీ దీక్షితుల పక్షమువారు. సిద్ధాంతకౌముదీకర్తయగు భట్టోజీకి ఆ కాలమున ఎదురు లేదు. నిండు సభలో ఆయన జగన్నాథుని మ్లేచ్ఛుడని నిందించెననియు, ఆ కోపముతోనే జగన్నాథుడు భట్టోజీ ప్రౌఢమనోరమను ఖండించుచు ఆ తీవ్రమైన పేరుగల మనోరమాకుచమర్దనమును వ్రాసెననియు చెప్పుదురు. కథ రంజకముగా నున్నది; కాని గ్రంథము వేరొక కారణమును చెప్పుచున్నది. భట్టోజీ తన గురువగు శేషకృష్ణుని వ్యాఖ్యనే ప్రౌఢమనోరమలో తప్పుపట్టెను. ఆ శేషకృష్ణుని కుమారుడే వీరేశ్వరుడు. ఆయనయే జగన్నాథునికి, ఆయన తండ్రికి గురువు. గురుద్రోహమును సహింపలేని శిష్యుని కోపమిది. ఇంత పుష్టియైన శాస్త్రకారణము గ్రంథముననే ఉండగా, వాదమునకు మూలము ఒక స్త్రీ యని నమ్ముట లోకమునకు తేలికయైనది. కాదు, ఇష్టమైనది.

అప్పయ్య దీక్షితుల కథయు ఇట్టిదే. గంగ యొడ్డున మెట్లమీద లవంగితోకూడ ముసుగు తన్ని నిద్రించుచున్న ముదుసలిని చూచి, ఈ వయసున ఈ నిద్ర యేమని దీక్షితులు గద్దించిరట. ముసుగు తొలగగా పండితరాయలని గుర్తించి, సుఖముగా నిద్రింపుమని పలికి వెడలిపోయిరట. చదివినవారికి కన్నులు చెమ్మగిలు ఘట్టము. అయితే అప్పయ్య దీక్షితులు పదునారవ శతాబ్దముననే ప్రసిద్ధికెక్కినవారు. షాజహాను పట్టాభిషేకమునాటికే కీర్తిశేషులు. జగన్నాథుని వార్ధకమున ఆయన గంగ మెట్లు దిగివచ్చుట కాలగణనకు పొసగదు. జగన్నాథుడు చిత్రమీమాంసాఖండనమును వ్రాసి దీక్షితులతో పోరాడుట సత్యమే; ఆ పోరాటము పుస్తకముతోనే గాని మనిషితో కాదు.

అట్లయిన లవంగి ఉన్నదా, లేదా? ఆమె పేరుగల పద్యములు కొన్ని చాటువులుగా తిరుగుచున్నవి. అవి ఆయన గ్రంథములలో లేవు. ఉదాహరణములన్నియు తన పద్యములే యగునట్లు అలంకారశాస్త్రము వ్రాసినవాడు, ఒక్క పద్యమును పరులకు వదలనివాడు, ఈ పద్యములను మాత్రము ఏ గ్రంథమునను చేర్చకపోవుట ఆలోచింపదగినది. లవంగి యనునది లవంగతీగను తలపించు సంస్కృతపు పేరే గాని మొగలు అంతఃపురమున వినబడు పేరు కాదు. ఈ కారణములచేత, ఇది యంతయు శత్రువుల కల్పన యని వాదించిన పండితులు కలరు. ఆ వాదమున కొంత బలము లేకపోలేదు. తమవాడు చెడిపోలేదని నిరూపింపవలెనను ఆతురతయు అందు కొంత కలదు. తురకకన్యను పెండ్లాడుటయే చెడిపోవుట యని ఒప్పుకొన్నప్పుడే ఆ ఆతురతకు అర్థము. నిందించినవారును, కాపాడ వచ్చినవారును ఈ యొక్క విషయమున ఏకాభిప్రాయులగుట విచిత్రము.

గ్రంథములలో పేరు లేకున్నను స్త్రీ లేకపోలేదు. భామినీవిలాసమున నాలుగు భాగములు. మూడవది కరుణవిలాసము, గతించిన భార్యకై విలపించిన శోకము. అది శాస్త్రపాండిత్యము తలవంచిన చోటు. భామిని యనునది ఆమె పేరే యని కొందరు తలచిరి. ఆమె కోనసీమనుండి వెంటవచ్చిన ఇల్లాలో, ఢిల్లీలో చేపట్టిన ప్రియురాలో ఆ పద్యములు చెప్పవు. మరణించిన భార్యకు కులము నడుగవలెనని కవికి తోచలేదు.

కడపటి కథ అందరెరిగినదే. కులము వెలివేయగా పండితరాయలు లవంగితో గంగ యొడ్డున ఏబదిరెండవ మెట్టుపై కూర్చుండెను. గంగాలహరిని చెప్పసాగెను. పద్యమునకు ఒక మెట్టు చొప్పున నీరు పైకి వచ్చెను. ఏబదిరెండవ పద్యమునకు గంగ ఇద్దరిని కలుపుకొని పోయెను. పైకప్పు లేని ఆ మెట్లమీద, పురోహితుడు లేకుండ, చూచుచున్న ఊరి ముందర జరిగిన ఈ ఘట్టమే నిజమైన పెండ్లి యని జనము భావించినట్లున్నది; కాకున్న ఇంత శ్రద్ధతో ఇన్ని తరములు చెప్పుకొనరు. గంగాలహరిలో లవంగి లేదు. ఎల్లరు విడిచిన పతితుడు తల్లిని వేడుకొను ఆర్తి మాత్రము కలదు. ఆ ఆర్తినుండి కథ పుట్టెనో, కథకు తగిన ఆర్తి దొరకెనో! జ్యేష్ఠమాసమున గంగాదశమినాడు ఆ స్తోత్రమును పారాయణము చేయు నిష్ఠాపరులు ఉత్తరదేశమునను మహారాష్ట్రమునను నేటికిని కలరు. వారు తమ యింట ఆ పెండ్లిని ఒప్పుకొందురా యన్నది వేరు మాట.

ఆయన తన ముదిమిని ఎచట గడపెనో చెప్పిన పద్యమునకు రెండు పాఠములున్నవి. ఒక పాఠమున మధురలో హరిని సేవించుచున్నట్లును, రెండవ పాఠమున శివుని నగరమగు కాశిలో తత్త్వచింతన చేయుచున్నట్లును ఉన్నది. మధుర పాఠమే సరియైనచో గంగ మెట్లు ఎక్కవలసిన పనియే లేదు, అది యమునాతీరము.

రసగంగాధరమునకు నాగేశభట్టు గురుమర్మప్రకాశమను వ్యాఖ్యను వ్రాసెను. ఈ నాగేశుడు భట్టోజీ మనుమడగు హరిదీక్షితుని శిష్యుడు. మ్లేచ్ఛుడని నిందించిరన్న పక్షమునుండియే ఆయన గ్రంథమునకు కాపుదల లభించినది. గంగాధరుడనగా శివుడు, ఆయనకు ముఖము లైదు గనుక గ్రంథమును ఐదు ఆననములుగ తలపెట్టెనని విజ్ఞుల యూహ. దొరకినది రెండు, రెండవది అసంపూర్ణము. మృత్యువే ఆపెనని చెప్పుటకు వీలులేదు, చిత్రమీమాంసాఖండనము దాని తరువాతిది గనుక. ఎందుకు ఆపెనో ఆయన చెప్పలేదు. అలంకారముల వరుసలో ఉత్తరాలంకారమను ప్రకరణమున, ప్రశ్నకు సమాధానమును గూర్చి విచారించుచుండగా, గ్రంథము నడుమనే నిలిచిపోయినది.