రామరాజు చరిత్ర నాటకము - కోలాచలము శ్రీనివాసరావుగారు

దత్తమండలములకు రాయలసీమ యను పేరు 1928లో, శిరివెళ్లకు చేరువనున్న నంద్యాలలో జరిగిన సభలో స్థిరపడినది. అంతకు చాలకాలము ముందే రాయల నేల కథను రంగస్థలమున కెక్కించినవారు బళ్లారి న్యాయవాది కోలాచలము శ్రీనివాసరావుగారు.

వారు 1854లో హంపీ ప్రక్కనున్న కమలాపురమున జన్మించిరి. విరూపాక్షస్వామి ఆలయమును, కూలిన కోటగోడలును ఆ యూరివారికి నిత్యదర్శనములు. 1565లో రక్కసి తంగడి యుద్ధమున అళియ రామరాజు మడిసిన సంగతి అచట గ్రంథములు చూచి తెలిసికొన నక్కరలేదు. ఆ రాళ్లే చెప్పును.

అప్పటికి బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు సరసవినోదినీ సభ పక్షమున పౌరాణిక నాటకములతో జనులను రంజింపజేయుచుండిరి. శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడపిరి. పౌరాణికములు తామును వ్రాసిరి గాని వారి మనస్సు చరిత్రవైపు మరలినది. ఆ త్రోవ సుగమము కాదు. పురాణకథలో తుదకు ధర్మము గెలుచును. ఇచట తనవారి ఓటమినే తనవారి యెదుట ఆడి చూపవలెను. రాజును నిర్దోషిగా నిలిపినచో అది స్తోత్రపాఠమగును; ప్రతిపక్షమును రాక్షసగణముగా చూపినచో ఇరుగుపొరుగు ముసల్మానుల మనస్సు నొచ్చును. ఇట్టి కథనే వారు రామరాజు చరిత్రగా రచించిరి. విజయనగర సామ్రాజ్య పతనమను పేరును దానికి కలదు.

అందలి పఠాను రుస్తుం పాత్రను ధరించి పేరుగాంచినవారు బళ్లారి రాఘవగారు. వారు ధర్మవరమువారి మేనల్లుడే. విజయనగర పతన నాటకమున జనులకు జ్ఞాపకముండినది రాజు గాక పఠానగుట విచిత్రమే.

శ్రీనివాసరావుగారు 1919లో గతించిరి. పఠాను వేషము మాట మాత్రము నాటకప్రియుల నోట చిరకాలము నిలిచినది.