మూసా రహీము అను రేమండు సేనాని

హైదరాబాదు పాతనగరమునకు తూర్పున, మూసీనది దక్షిణపు టొడ్డున, మలకుపేట దాటి సరూరునగరమునకు పోవు దారిలో ఆస్మాన్‌గఢ్ అను గుట్ట కలదు. దానిపై నల్లరాతి స్తంభ మొకటి, అడుగునుండి మొనవరకు క్రమముగా సన్నబడుచు, సుమారు 23 అడుగుల ఎత్తున నిలిచియున్నది. అది గుడి గాదు, మసీదు గాదు, క్రైస్తవుల చర్చియు గాదు. అయినను ఒకప్పుడు అచ్చట ఏటేట దీపములు వెలిగినవి, ధూపము వేయబడినది, ఉర్సు జరిగినది. ఆ రాతిక్రింద నున్నవాడు ఫ్రెంచిదేశీయుడైన మిషెల్ జోవాకిం మరీ రేమండు. ఫ్రెంచివారు గౌరవార్థము పేరునకు ముందు చేర్చు మొస్యూ అను మాట మన జనుల నోట మూసా అయ్యెను. ముసల్మానులు అతనిని మూసా రహీ మనిరి. హిందువులు మూసా రా మనిరి. ఆ దిగువనున్న మూసారాంబాగు పేట నేటికిని ఆతని పేరనే పిలువబడుచున్నది.

రేమండు 1755 సెప్టెంబరు 20వ తేదీన ఫ్రాన్సు దేశపు గాస్కనీ సీమలోని సెరిన్యాకు గ్రామమున నొక వర్తకునకు జన్మించెను. 1775లో వ్యాపారము నిమిత్తము పుదుచ్చేరికి వచ్చెను. కాని తక్కెడ పట్టవచ్చిన చేయి త్వరలోనే కత్తిపట్టెను. మొదట మైసూరునందు హైదరాలీ కొలువులోనున్న ఫ్రెంచి దళమున చేరెను. పిమ్మట 1783లో బుస్సీ దొర మరల భారతదేశమునకు వచ్చినప్పుడు కాప్టెనై ఆతని చెంత పనిచేసెను.

ఇచ్చట కొంచెము నిలువవలెను. ఈ బుస్సీ తెలుగువారికి క్రొత్తవాడు గాడు. 1756లో హైదరాబాదు చార్ మహల్ తోటలో కొద్దిపాటి సేనతో నిలిచి, నిజాము బలగమును ఎదిరించినవాడు ఇతడే. మరుసటి యేడు, 1757 జనవరి 24వ తేదీన, బొబ్బిలికోటను నేలమట్టము చేసినదియు ఇతని సేనయే. ఆ కథ మన పల్లెల రచ్చబండలపై వినని తెలుగువాడు అరుదు. బొబ్బిలి పొగను కన్నులార చూచిన ఆ ముసలి సేనానికి కడపటి దినములలో పరిచర్య చేసిన యువకుడే, ఆస్మాన్‌గఢ్ రాతిక్రింద నిద్రించుచున్నాడు. రెండు కథల నడుమ ఒక్క మనుష్యుని యెడమే కలదు.

1785 జనవరిలో బుస్సీ పుదుచ్చేరియందు మరణించెను. రేమండు హైదరాబాదు చేరి నిజాం అలీఖాను కొలువున ప్రవేశించెను. ప్రారంభమున ఆతనిక్రింద నున్నవారు కేవలము 300 మంది సిపాయీలు. తుపాకులు కొనుటకు సొమ్ము లేక, తన దేశీయుడైన వర్తకునియొద్ద ఒక్కొక్క తుపాకికి నెలకు ఎనిమిదణాల బాడుగనిచ్చి తెచ్చెనట. లెక్క చూచినచో నెలకు 150 రూపాయల బాడుగ. రాజ్యములను వణికించిన సేనకు మొదటి పద్దు ఇంతమాత్రమే. పది సంవత్సరములు తిరుగకమున్నే ఆ మూడువందలు పదునాలుగు వేలకు పైబడినవి. అరువు తుపాకులతో మొదలిడినవాడు తుదకు ఫిరంగులను తానే పోత పోయించెను. 1786లో కట్టబడిన తోప్ కా సాంచా, అనగా ఫిరంగుల కార్ఖానా, ఫతేమైదానము చెంత నుండెడిది. ఆ పేట గన్‌ఫౌండ్రీ యను పేరనే వ్యవహరింపబడుచున్నది.

1795 మార్చిలో ఖర్డాయొద్ద నిజామునకును మహారాష్ట్రులకును యుద్ధము జరిగెను. నిజాము కొలువులోనుండిన రెండు ఆంగ్ల పటాలములను ఆ యుద్ధమున వాడుటకు గవర్నరు జనరలు సర్ జాన్ షోరు సమ్మతింపలేదు. రేమండు దళము గట్టిగానే పోరెను గాని, నిజాము భయపడి రాత్రివేళ ఖర్డాకోటలోనికి తగ్గిపోవుటచే సేనయంతయు చెదరెను. నిజాము ఓటమి నొప్పుకొని, దౌలతాబాదు కోటను విడిచి, తన మంత్రి అరిస్తూ జాహును పుణ్యపట్టణమునకు తాకట్టుగా పంపవలసి వచ్చెను. ఈ పరాభవము పిమ్మట నిజాము ఆంగ్ల పటాలములను సాగనంపి రేమండునే నమ్మెను. ఆ యేడే నిజాము కుమారుడు అలీ జాహు తిరుగుబాటు చేయగా రేమండు వెంటాడి పట్టుకొనెను. ఆ రాజకుమారుడు నగరము చేరకముందే, దారిలో విషము త్రాగి మరణించెను. ఈ సేవలకుగాను రేమండునకు బిరుదములు లభించెను, జాగీరులు లభించెను.

రేమండు కూలికి కత్తిపట్టిన పరదేశి. ఆ మాట దాచనక్కరలేదు. నిజాము ఉప్పు తినుచునే తన దళమునకు ఫ్రెంచి విప్లవపు త్రివర్ణ పతాకమును ఎత్తించెను, సిపాయీల గుండీలపై స్వాతంత్ర్యపు టోపీ ముద్రను వేయించెను. కాని ఉదారుడనియు, తనవారిని తనవలెనే చూచెడివాడనియు సిపాయీలలో పేరు పొందెను. జాగీరుపత్రములు చెదలు తినును. ఈ పేరునకు చెదలు పట్టలేదు.

1798 మార్చి 25వ తేదీన, నలువదిమూడేండ్లయినను నిండకమున్నే, రేమండు అకస్మాత్తుగా మరణించెను. విషప్రయోగ మని కొందరును, ఆత్మహత్య యని కొందరును చెప్పుకొనిరి. నిరూపింపబడినది మాత్రము ఏదియు లేదు. ఆతని స్థానమున పిరాన్ అనునాతడు సేనానియయ్యెను. ఆ సంవత్సరమే వెల్లెస్లీ గవర్నరు జనరలుగా వచ్చెను. నెపోలియను ఈజిప్టులో దిగెను. దక్కను నడుబొడ్డున ఫ్రెంచి దళముండుట ఆంగ్లేయులకు కంటిలో నలుసయ్యెను. సెప్టెంబరు 1వ తేదీన నిజామునకును కంపెనీకిని సంధి కుదిరెను. గుంటూరు సీమనుండి కంపెనీ పటాలములు హైదరాబాదునకు నడచివచ్చెను. నిజామునకు చివరి క్షణమున ధైర్యము చాలక గోలకొండ కోటలోనికి పోయెను.

రేమండు సిపాయీలు ఇంతలో తమ అధికారులనే బంధించిరి. జీతములు బాకీపడియుండెను. అక్టోబరు 22వ తేదీన మాల్కం అను యువ ఆంగ్లాధికారి నచ్చజెప్పబోగా జనము చుట్టుముట్టిరి. ఒకప్పుడు కంపెనీ పటాలమున ఆతనిక్రింద పనిచేసి, పారిపోయివచ్చి ఈ దళమున చేరిన కొందరు సిపాయీలు ఆతనిని గుర్తుపట్టి కాపాడిరట. తుదకు బాకీజీతములకు మాట పుచ్చుకొని వేలకొలది సిపాయీలు ఆయుధములు దించి వెడలిపోయిరి. ఒక్క ప్రాణియు చావలేదు. పదమూడేండ్ల శ్రమ ఒక్క పూటలో ముగిసినది.

దళము చెదరినది గాని మనుష్యులు చెదరలేదు. వారిలో కొందరు మరల నిజాము పదాతిదళమున చేరి, 1799లో ఆంగ్లేయుల వెంబడి శ్రీరంగపట్టణమునకు నడచిరి. మే 4వ తేదీన టిప్పు కూలిన యుద్ధము అది. నిజాము సేననుండియే రసెల్ బ్రిగేడు అనియు, హైదరాబాదు కంటింజెంటు అనియు పేర్లుగల దళములు ఏర్పడినవి. 1903లో ఆ కంటింజెంటు భారతసేనలో కలిసెను. 1922లో 19వ హైదరాబాదు రెజిమెంటయ్యెను. 1945 అక్టోబరులో కుమావూన్ రెజిమెంటు అను పేరు దాల్చెను. నేటికిని ఆ రెజిమెంటు తన వంశావళి మొదట రేమండు దళమును పేర్కొనుచున్నది. దాని నాలుగవ పటాలమునకు చెందిన మేజరు సోమనాథ శర్మ 1947 నవంబరు 3వ తేదీన కాశ్మీరమున బడ్గాంయొద్ద ప్రాణమొసగి, మొట్టమొదటి పరమవీరచక్రమును పొందెను. ఆ రెజిమెంటున పెరిగిన జనరల్ శ్రీనాగేశు 1955 నుండి 1957 వరకు భారతసేనకు అధిపతియై, పిమ్మట 1962లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా హైదరాబాదు రాజభవనమునకు వచ్చెను. ఆస్మాన్‌గఢ్ గుట్ట అచ్చటికి కొలది మైళ్ల దూరము.

ఇది కాగితముపై నిలిచిన వంశావళి. ఇంకొకటి కలదు, అది నోటిపై నిలిచినది. నగరమునందు నిజాము పెట్టుకొన్న సాధారణ పటాలములు గాక, అరబ్బులు, రోహిలాలు, సిద్దీలు మొదలగువారితో కూడిన బేకాయిదా బలగ ముండెడిది. యుద్ధములు లేకపోయినను తాతయిడిన కత్తిని మనుమడు ధరించెడివాడు. పాతనగరపు అంచున బార్కాస్ పేటలో అరబ్బు సిపాయీల సంతతివారు నేటికిని నివసించుచున్నారు. బారకాసు లనుటయే ఆ పేరయినది. ప్రతి సంవత్సరము మార్చి 25వ తేదీన ఈ బలగపువారు ఆస్మాన్‌గఢ్ చేరి, రేమండు సమాధికి దీపము పెట్టి, తుపాకులు కాల్చి వందన మొసగెడివారు. దర్బారునుండి చుట్టల పెట్టెయు మద్యపు సీసాయు పంపబడెడివని ప్రతీతి. సాంబ్రాణి, చుట్టలు, సారాయి, తుపాకిమందు - ఇన్ని వాసనలు కలిసిన ఉర్సు మరియొకచోట జరిగియుండునా యనునది సందేహమే.

సుమారు 1940 వరకు ఈ ఆచారము సాగినది. 1948 సెప్టెంబరు పోలీసుచర్య పిమ్మట నిజాము సేనలు రద్దయి, గుట్టనెక్కు సిపాయీలే లేకపోయిరి. రేమండు జ్ఞాపకమును నిజాములు గాని, ఫ్రెంచివారు గాని అన్నాళ్లు మోయలేదు. పేరులేని జవానులు మోసిరి. వారు లేనినాడు అది దింపబడెను.

అయినను కాలము మన మనుకొనునంత దీర్ఘము గాదు. 1798లో ఆయుధము దించిన ఇరువదియేండ్ల సిపాయి డెబ్బదియైదేండ్లు బ్రతికినచో, 1853లో పదేండ్ల మనుమనికి ఆనాటి సంగతి చెప్పియుండును. ఆ మనుమడు తానును డెబ్బదియైదేండ్ల వృద్ధుడై, 1918లో మరియొక పదేండ్ల బాలునికి చెప్పియుండును. ఆ బాలుడు పెరిగి, కడపటి ఉర్సులలో తుపాకి కాల్చి, 1983లో తన ఒడిలోని పదేండ్ల పిల్లవానికి ఆ కథ వినిపించియుండును. ఆ పిల్లవానికి ఇప్పుడు ఏబది దాటినది. రేమండును చూచిన కన్నులకును ఆతనికిని నడుమ ఇద్దరే మనుష్యులు. మలకుపేట సంతలోనో, బార్కాస్ పేట వీథిలోనో, మూసారాంబాగు రైలు నిలయమున దిగు జనములోనో అట్టివాడు నడచిపోవుచుండవచ్చును.