సోఫు తెషిగహారా

సోఫు తెషిగహారా (డిసెంబర్ 17, 1900 - సెప్టెంబర్ 5, 1979) జపాను దేశానికి చెందిన సుప్రసిద్ధ పుష్పాలంకరణ కళాకారుడు, శిల్పి. జపనీయుల పూల అమరిక కళ అయిన ఇకెబానాలో సొగెత్సు సంప్రదాయానికి ఇతడు స్థాపకుడు.

బాల్యము, విద్య

సోఫు తండ్రి వాఫు తెషిగహారా ఇకెబానా గురువు. సోఫు చిన్ననాటి నుండి తండ్రి వద్దనే ఈ విద్యను అభ్యసించాడు. ఆ రోజులలో శిష్యులు గురువు చూపిన రూపాన్ని యథాతథంగా అనుసరించవలసి ఉండేది. అమర్చేవారి వ్యక్తిత్వానికి అందులో చోటు లేదని భావించిన సోఫు, తండ్రితో విభేదించి 1927లో సొగెత్సు పాఠశాలను స్థాపించాడు. సొగెత్సు అనగా గడ్డి, చంద్రుడు అని అర్థం.

అమరిక పద్ధతి

ఇకెబానాను ఎవరైనా, ఎక్కడైనా, దొరికిన వస్తువులతో చేయవచ్చునని సోఫు బోధించాడు. పెరటిలోని పూలు, ఆకులే ఇందుకు చాలును. సొగెత్సు ప్రాథమిక అమరికలో షిన్, సోయె, హికాయె అనే మూడు ప్రధాన కాడలు ఉంటాయి. లోతు తక్కువైన నీటి పాత్రలో, కెంజాన్ అనే సూదుల దిమ్మెకు వీటిని గుచ్చి నిలుపుతారు. నిలువు రేఖ నుండి షిన్ 15, సోయె 45, హికాయె 75 డిగ్రీలు వంగి ఉంటాయి. షిన్ పొడవులో నాలుగింట మూడు వంతులు సోయె, సోయె పొడవులో నాలుగింట మూడు వంతులు హికాయె ఉంటుంది. మిగిలిన చోటులో పొట్టి పూలు, ఆకులు కొద్దిగా చేర్చి, కొంత ఖాళీని విడిచిపెడతారు. ఈ కొలతలు ఆరంభ దశకు మాత్రమే. తరువాత సొంత ఊహకు పూర్తి స్వేచ్ఛ ఉంటుంది. సోఫు స్వయంగా ఎండుకొమ్మలు, చెట్ల వేళ్ళు, ఇనుము కూడా ఉపయోగించాడు.

గుర్తింపు, వారసులు

రెండవ ప్రపంచ యుద్ధానంతరం జపానులో నివసించిన అమెరికన్లకు సోఫు ఇకెబానా నేర్పాడు. విదేశాలలో ప్రదర్శనలు ఇచ్చాడు. ఫ్రాన్సు ప్రభుత్వం 1961లో ఇతనిని లీజియన్ ఆఫ్ ఆనర్ పురస్కారంతో గౌరవించింది. 1979లో సోఫు మరణించిన తరువాత కుమార్తె కసుమి పాఠశాల బాధ్యతలు చేపట్టింది. ఆమె 1980లో మరణించగా, కుమారుడు, చలనచిత్ర దర్శకుడు హిరోషి (1927-2001) ఆ స్థానంలోకి వచ్చాడు. తండ్రి పద్ధతిని విడిచి సోఫు ప్రారంభించిన పాఠశాల ఈ విధంగా అతని సంతానం చేతులలో కొనసాగింది.