కేరీ తోట నేర్పిన నమ్మిక

విలియం కేరీ పేరు వినగానే మనకు బైబిలు అనువాదం గుర్తుకొస్తుంది. 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయి వెలువడింది ఆయన శ్రీరాంపూర్ ముద్రణాలయం నుంచే. సతీసహగమనాన్ని మాన్పించడానికి ఆయన పడిన ప్రయాసను గురించి కూడా ప్రసంగాల్లో వింటుంటాం. అయితే ఆ ముద్రణాలయం ఉన్న ఊళ్లోనే ఆయన తన చేతులతో పెంచిన దాదాపు అయిదెకరాల తోట ఒకటి ఉండేదని, వేకువనే ఆయన ప్రార్థించుకొనే చోటు అదేనని మనలో కొద్దిమందికే తెలుసు. ఆ తోటలోకి వెళ్లి చూస్తేగాని కేరీ నమ్మిక మనకు పూర్తిగా అర్థం కాదు.

1761లో ఇంగ్లండులోని ఒక చిన్న పల్లెలో, నేతపని చేసుకొనే ఇంట కేరీ పుట్టాడు. పిల్లవాడిగా ఉన్నప్పుడే ఆయన గదినిండా మొక్కలు, పురుగులు, పక్షులు ఉండేవి. తోటపని తెలిసిన బాబాయి ఒకాయన మొక్కల మీద ప్రేమ పుట్టించాడు. పొలం పనుల్లోనే బతకాలని ఉన్నా, ఎండ తగిలితే బాధించే చర్మవ్యాధి వల్ల అది సాగలేదు. చివరికి చెప్పులు కుట్టే పని నేర్చుకున్నాడు. తాను కోరుకున్న దారి మూసుకుపోవడం ఆయనకు అదే మొదటిసారి, చివరిసారి మాత్రం కాదు.

1793లో కుటుంబంతో బెంగాల్ చేరాడు. మరుసటి ఏడాదే అయిదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. ఈ దేశానికి రావడానికి మొదట ఇష్టపడని భార్య డొరొతీ ఆ తరువాత మతిస్థిమితం కోల్పోయి, 1807లో చనిపోయేవరకు కోలుకోలేదు. ఆమె బాధను పక్కనపెట్టి కేరీని మాత్రమే పొగడటం న్యాయం కాదు. ఆయన సేవకు ఆమె కూడా పెద్ద మూల్యమే చెల్లించింది. సేవలో ఫలం కూడా ఆలస్యమైంది. ఏడేళ్లు గడిచాక, 1800 డిసెంబరులో కృష్ణ పాల్ బాప్తిస్మం పొందేవరకు స్థానికుల్లో ఒక్కరూ సంఘంలో చేరలేదు.

ఆ 1800లోనే కేరీ శ్రీరాంపూర్‌కు వచ్చి తోట వేశాడు. దేశవిదేశాల నుంచి విత్తనాలు తెప్పించి, మొక్కలను జాతులవారీగా వరుసల్లో నాటించాడు. మన సామర్లకోటలో కంపెనీవారి తోటను చూసుకొని, తరువాత కలకత్తా వెళ్లిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ ఆయనకు మంచి మిత్రుడు. మన అడవుల్లో కనిపించే కుంభి చెట్టు జాతికి శాస్త్రీయంగా కేరీయా అనే పేరు పెట్టింది ఆయనే. రాక్స్‌బర్గ్ మరణించాక ఆయన రాసిన భారతదేశపు మొక్కల గ్రంథాన్ని కేరీ అచ్చువేయించాడు. సృష్టి యావత్తు దేవుణ్ణి స్తుతిస్తుందన్న దావీదు మాటను దాని మొదటి పుటలో ఉంచాడు. పేద రైతు పొలం బాగుపడాలని 1820లో వ్యవసాయ, ఉద్యాన సంఘాన్ని కూడా స్థాపించాడు.

ఒకసారి ఇంగ్లండు నుంచి విత్తనాల సంచి వచ్చింది. విత్తనాలు తీసుకున్నాక, అడుగున మిగిలిన మట్టిని తోటలో ఒక మూల దులిపాడు. కొద్దిరోజులకు అక్కడ ఒక చిన్న మొలక కనిపించింది. అది తన చిన్ననాటి పొలాల్లో కాలికింద పడి నలిగే డెయిజీ పువ్వు మొక్క! దాన్ని చూసి ఎంత సంతోషించాడో ఆయనే ఉత్తరంలో రాసుకున్నాడు. ఎవరూ విత్తలేదు, ఎవరూ ఎదురుచూడలేదు. అయినా ఆ మట్టిలో జీవం దాగి ఉంది. బెంగాల్ ఎండకు ఆ మొక్క నిలవదు కనుక, ఏటేటా గింజలు తీసి మళ్లీ చల్లుకుంటూ దాన్ని కాపాడుకున్నాడు.

1812 మార్చిలో ముద్రణాలయం తగలబడింది. ఏళ్ల తరబడి రాసిన ప్రతులు, పోతపోసిన అక్షరాలు బూడిదయ్యాయి. తెలుగు వ్యాకరణం రాతప్రతి కూడా అందులో పోయింది. కేరీ మళ్లీ కూర్చుని రాశాడు. రెండేళ్లకే, 1814లో, అది అచ్చయింది. 1823 అక్టోబరులో పడవ దిగుతూ పడిపోయి తుంటికి దెబ్బ తగిలి మంచాన పడ్డాడు. సరిగ్గా అప్పుడే దామోదర్ నదికి వరద వచ్చి తోటను ముంచింది. నది ఒడ్డున ఉన్న ఇల్లు కూడా ఖాళీ చేయాల్సి వచ్చింది. అప్పటికి ఆయనకు 62 ఏళ్లు. లేచి నడవగలిగాక మళ్లీ నాటడం మొదలుపెట్టాడు.

ప్రియులారా, సృష్టి అందం చూసి దేవుణ్ణి స్తుతించడం కష్టమేమీ కాదు. పూత నిలిచిన ఏడు మామిడి తోట చూస్తే ఎవరి నోటైనా స్తోత్రం వస్తుంది. తోటమాలి నేర్చుకొనే నమ్మిక దానికంటే లోతైనది. నాటడం, నీళ్లు పోయడం మన వంతు, వృద్ధి కలుగజేయడం దేవుని వంతు అని కొరింథు సంఘానికి పౌలు నేర్పిన పాఠం అదే. విత్తనం మట్టిలో కనబడకుండా పోయిన రోజుల్లో రైతు దాన్ని తవ్వి చూడడు. అలాగే కేరీ ఏడేళ్లు కాచుకున్నాడు. బూడిద మీద మళ్లీ రాశాడు, బురదలో మళ్లీ నాటాడు.

చివరి రోజుల్లో నడవలేక, చక్రాల కుర్చీలో తోటకు వెళ్లేవాడు. అదీ కుదరనప్పుడు తోటమాలిని మంచం దగ్గరకే పిలిపించుకొని మొక్కల సంగతి అడిగేవాడు. తాను పోయాక తోటలోకి ఆవుల్ని తోలతారేమోనని బెంగపడితే, సహసేవకుడు మార్ష్‌మన్ అలా జరగనివ్వనని మాట ఇచ్చాడు. 1834 జూన్ 9న కేరీ ప్రభువునందు నిద్రించాడు.

మన సంఘాల్లో ఈరోజు ఎందరో ఫలం కనిపించక అలసిపోయారు. ఏళ్లుగా ప్రార్థించినా మారని కొడుకు, పదిమందికి మించని ఆదివారపు బడి, ఒక్క తుఫానుకు నేలకొరిగిన అరటితోట. వారికి సులువైన జవాబు మన దగ్గర లేదు. కానీ దులిపేసిన మట్టిలో సైతం దేవుడు జీవాన్ని దాచి ఉంచుతాడని కేరీ తోట చెబుతోంది. ఈ వానాకాలం మందిరం ఆవరణలో ఒక మొక్క నాటుదాం. అది ఎదిగే తీరును పిల్లలకు చూపిద్దాం. మన వంతు చేసి, మిగిలినది ఆయన చేతుల్లో పెడదాం.