ఫ్రాన్సిస్ డే

వానకాలమున గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినంతనే సముద్రమునుండి ఒక చేప నదిలోనికి ఎదురెక్కి వచ్చును. సముద్రమున ఉన్నంతవఱకు దానిని ఇలస యందురు. నదినీటిలో కొంతకాలము ఈదిన పిమ్మట దానికే పులస యని పేరు. గ్రుడ్లు పెట్టుటకు అనువైన మంచినీటిని వెదకికొనుచు అది వరదకు ఎదురీది పైకి పోవును. ఆ దారి మూసికొనిపోయినచో దాని సంతతియే క్షీణించును. నదికి అడ్డముగా కట్టు గోడలలో చేపలకు త్రోవ విడువవలెనని నూట ఏబది యేండ్లకు మునుపే ప్రభుత్వమునకు తెలిపిన శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ డే.

డే 1829వ సంవత్సరము మార్చి 2వ తేదీన ఇంగ్లండు దేశమున ససెక్సు మండలములోని మేర్స్‌ఫీల్డు గ్రామమున జన్మించెను. లండను నగరమున వైద్యవిద్య నభ్యసించి, 1852లో మద్రాసు సైన్యమున వైద్యుడుగా చేరెను. వృత్తి వైద్యమైనను ఆయన మనస్సు ప్రకృతి పరిశీలనమందు లగ్నమయ్యెను. కొచ్చిలో పనిచేయుచుండగా అచటి కాయళ్లలోను, నదులలోను, సముద్రతీరమునను దొరకు చేపలను సేకరించి, వాని రూపలక్షణములను శ్రద్ధతో వ్రాసికొనెను. ఆ కృషికి ఫలముగా మలబారు చేపలను గూర్చిన గ్రంథము 1865లో వెలువడెను. నీలగిరి సెలయేళ్లలో ఇంగ్లండునుండి తెచ్చిన ట్రౌటు చేపలను పెంచవలెనని కూడ ఆయన ప్రయత్నించెను. కాని అది ఫలింపలేదు.

ఆ కాలమున దక్షిణదేశపు నదులపై ఆనకట్టలు లేచుచుండెను. 1832–33లో వచ్చిన డొక్కల కరవున తెలుగుసీమలో వేలకొలది ప్రజలు తిండిలేక మరణించిరి. నదినీరు వృథాగా సముద్రము పాలగుచుండగా పొలములు బీడుపడుట చూచి ఆర్థర్ కాటన్ గోదావరిపై ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కట్టించెను. 1847లో మొదలైన ఆ పని 1852లో ముగిసెను. కృష్ణపై విజయవాడవద్ద 1855 నాటికి మఱియొక ఆనకట్ట సిద్ధమయ్యెను. కాలువలు పాఱెను, డెల్టాలు పచ్చబడెను, లక్షల ప్రజలకు అన్నము దొరకెను. ఆ మేలును ఎవ్వరును కాదనజాలరు.

అయితే మనుజులకు అన్నము పెట్టిన గోడయే చేపలకు అడ్డుగోడ యయ్యెను. సాల్మను చేపవలె ఎగిరి గోడ దాటు శక్తి ఇలసకు లేదు. వరద మిక్కిలి ఎత్తుగా పాఱిననే తప్ప అది పైకి పోజాలదు. దారి తోచక అవి గోడ దిగువన గుంపులుగా చేరును. అట్లు చేరినవానిని వలలతో పట్టుట మిక్కిలి సులభము. గ్రుడ్లతోనున్న తల్లిచేపలే ఇట్లు నశించినచో మఱుసటి యేటికి పిల్లలెక్కడివి?

1871లో ప్రభుత్వము డేను భారతదేశపు మత్స్యశాఖకు ఇన్‌స్పెక్టరు జనరలుగా నియమించెను. ఆయన భారతదేశమునందును బర్మాయందును నదులను పరిశీలించెను. ఆయా మండలముల కలెక్టర్లను, తహసీల్దారులను ప్రశ్నలడిగి సమాధానములు సేకరించెను. అంగళ్లకు వచ్చు చేప చాలుచున్నదా, వలల కన్నులు ఎంత సన్నమైనవి, పిల్లచేపలను పట్టుచున్నారా అనునవి ఆయనకు కావలసిన విషయములు. పొలములలోను కాలువలలోను మావులు పెట్టి పిల్లచేపలను పట్టుటయు, నీటిలో విషము కలుపుటయు పలుచోట్ల జరుగుచున్నవని ఆయనకు తెలిసెను. 1873లో ప్రకటించిన నివేదికలలో ఆయన ఈ విషయములన్నిటిని వివరించెను. ఆనకట్టలను తీసివేయుమని ఆయన కోరలేదు. వానిలో చేపలు ఎక్కిపోవుటకు ఖాళీమార్గములు ఉంచుమనియు, వలకన్నులకు కనీసపు కొలత నిర్ణయింపుమనియు, విషప్రయోగమును నిషేధింపుమనియు సూచించెను.

ఆ సూచనలు వెంటనే అమలుకు రాలేదు. చట్టము చేసినచో వలమీద బ్రదుకు పేదల నోటికాడి కూడు పోవునేమోయని అధికారులు వెనుదీసిరి. ఆ శంకయందును న్యాయము లేకపోలేదు. కాని చేపయే నశించినచో ముందుగా పస్తులుండునది ఆ పేదలేయని డే అభిప్రాయము. ఆయన 1877లో ఉద్యోగమును విడిచి స్వదేశమునకు పోయెను. 1875 మొదలు 1878 వఱకు భాగములుగా వెలువడిన ఆయన భారతమత్స్యగ్రంథము నేటికిని పరిశోధకులకు ఆధారమైయున్నది. 1889లో వెలువడిన రెండు సంపుటములలో ఆయన 1,418 జాతుల చేపలను వర్ణించెను. ఆ సంవత్సరమే జూలై 10వ తేదీన ఆయన చెల్టెన్‌హాం పట్టణమున మరణించెను. ఆయన పోయిన ఎనిమిదేండ్లకు, 1897లో, భారత మత్స్యచట్టము ఏర్పడెను. నీటిలో విషము కలిపి గాని, ప్రేలుడు పదార్థములతో గాని చేపలను చంపుట అది నిషేధించెను. వలకన్నుల కొలతపైనను, నీటికి అడ్డుకట్టలు కట్టి చేపలు పట్టుటపైనను నియమములు చేయుటకు ప్రభుత్వములకు అధికారమిచ్చెను.

కాటన్ కట్టించిన ఆనకట్ట స్థానమున 1982 నాటికి క్రొత్త బ్యారేజి వెలసెను. దానికి ఎత్తి దించదగిన తలుపులున్నవి. పులస మాత్రము మునుపటివలె దొరకుట లేదు. ఏ ఋతువున ఎంత నీరు, ఏ తలుపునుండి విడిచినచో చేప పైకి పోగలదో తెలిసికొనుట నేటి శాస్త్రజ్ఞుల పని. సంవత్సరమున కొన్ని వారములు దారి తెఱచియుంచినను ఆ జాతికి మేలగును. నదీజలము పొలమునకెంత అవసరమో, అందు పుట్టి పెరుగు ప్రాణికి అంతే అవసరము. రెండింటికిని చోటు చూపుటయే వివేకమని ఫ్రాన్సిస్ డే జీవితము బోధించుచున్నది.