అయ్యగారి సాంబశివరావు

ఎ.ఎస్.రావుగా ప్రసిద్ధుడైన అయ్యగారి సాంబశివరావు (1914 సెప్టెంబరు 20 - 2003 అక్టోబరు 31) భారతీయ శాస్త్రవేత్త, హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ వ్యవస్థాపకుడు. ఇ.సి.ఐ.ఎల్.గా పిలువబడే ఈ సంస్థ స్వదేశీ కంప్యూటర్ల తయారీకి ఆద్యమైనది.

బాల్యము, విద్య

ఇతడు పశ్చిమ గోదావరి జిల్లా పాలకోడేరు మండలానికి చెందిన మొగల్లు గ్రామంలో జన్మించాడు. పోలవరం వద్ద కొండలను వీడి మైదానంలోకి వచ్చే గోదావరి నీటితో సాగయ్యే డెల్టా పల్లె ఇది. అల్లూరి సీతారామరాజు పూర్వీకుల ఊరు కూడా ఇదే. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. చేసి, అక్కడే బోధన, పరిశోధన సాగించాడు. 1940ల రెండవ భాగంలో టాటా ఉపకారవేతనంపై అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివాడు.

అణుశక్తి సంస్థలో

స్వదేశానికి తిరిగివచ్చి బొంబాయిలో హోమీ భాభా బృందంలో చేరి, తరువాత ట్రాంబేలోని అణుశక్తి సంస్థలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని నడిపించాడు. 1956 ఆగస్టు 4న పనిచేయటం మొదలుపెట్టిన అప్సర రియాక్టరుకు నియంత్రణ పరికరాలను సమకూర్చినది ఈ విభాగమే.

1962 చైనా యుద్ధం తరువాత, ఎలక్ట్రానిక్స్‌లో విదేశాలపై ఆధారపడటం ఎంత ప్రమాదకరమో ప్రభుత్వానికి తెలిసివచ్చింది. 1963లో భాభా అధ్యక్షతన ఏర్పడిన కమిటీలో సూరి భగవంతం, విక్రం సారాభాయ్‌లతో పాటు సాంబశివరావు సభ్యుడు. 1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో మరణించాడు. కమిటీ నివేదిక అదే సంవత్సరం వెలువడింది.

కంప్యూటర్ల తయారీ

1967 ఏప్రిల్ 11న ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడింది. ట్రాంబేలో రూపకల్పన జరిగిన టి.డి.సి.-12 కంప్యూటరును ఈ సంస్థ నిర్మించింది. 1969 జనవరిలో అది ట్రాంబేలో నెలకొల్పబడింది. టి.డి.సి. అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. 12 అనేది యంత్రం ఒక విడతలో గ్రహించే బిట్ల సంఖ్య. ఈ బిట్ల సముదాయాన్ని 'వర్డ్' అంటారు.

వర్డ్ పొడవును బట్టి యంత్రం శక్తి చాలావరకు నిర్ణయమవుతుంది. 12 బిట్లతో 4096 వేర్వేరు సంఖ్యలను మాత్రమే సూచించవచ్చు. కనుక ఒక్క వర్డ్‌తో నేరుగా చేరుకోగల మెమరీ గదులు 4096 మాత్రమే. పెద్ద సంఖ్యలతో లెక్క చేయాలంటే రెండేసి వర్డ్‌లను జతచేయాలి. జీతాల పట్టికలకు, బ్యాంకు ఖాతాలకు ఇది చాలదు. కానీ రియాక్టరులోని ఉష్ణోగ్రత, పీడనం వంటి కొలతలను ఎప్పటికప్పుడు చదివి, వెంటనే స్పందించటానికి సరిపోతుంది. నియంత్రణ పరికరాలు తయారుచేసినవారి చేతిలో పుట్టిన కంప్యూటరు ఈ రూపంలో రావటం సహజమే. 

1974లో టి.డి.సి.-312, 1975లో 16 బిట్ల టి.డి.సి.-316 వచ్చాయి. కేవలం నాలుగు బిట్లు పెరగటంతో సూచించగల సంఖ్యలు 65,536కు, అనగా పదహారు రెట్లకు చేరాయి.

అయితే ప్రాసెసరును ఇక్కడ నిర్మించినా, ప్రింటర్లు, డిస్కుల వంటి అనుబంధ పరికరాలకు దిగుమతులు తప్పలేదు. ఈలోగా, 1971లో వచ్చిన మైక్రోప్రాసెసర్ వలన, బీరువాలలో అమర్చే సర్క్యూట్లు క్రమంగా ఒకే చిప్పులోకి కుదించుకుపోసాగాయి. సొంత ప్రాసెసరు రూపకల్పనకు పడిన శ్రమలో కొంత ఈ విధంగా కాలానికి ఎదురీదినదే. కానీ ఆ శ్రమలో తర్ఫీదు పొందిన ఇంజనీర్లు హైదరాబాదుకు మిగిలారు. సామాన్య ప్రజలకు మాత్రం ఇ.సి.ఐ.ఎల్. కంప్యూటర్ల కన్నా ఇ.సి. టీవీలే ఎక్కువ పరిచయం.

పురస్కారాలు, చివరి రోజులు

ఇతనికి 1960లో పద్మశ్రీ, 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం, 1972లో పద్మభూషణ్ లభించాయి. 1978లో సంస్థ బాధ్యతల నుండి విరమించాడు. 2003 అక్టోబరు 31న మరణించాడు. హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. సమీపాన ఉన్న ఎ.ఎస్.రావు నగర్‌కు ఇతని పేరే పెట్టారు.